వలస చట్టాల నుంచి కొత్త సంహితల వరకు

మెకాలే అధ్యక్షతన ఏర్పడిన తొలి లా కమిషన్ 1837లో సమర్పించిన ముసాయిదా ఆధారంగా రూపొంది, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతి, అంటే ఏది నేరమో, దానికి ఎంత శిక్షో నిర్దేశించే చట్టం, స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఏడు దశాబ్దాలకు పైగా కొనసాగింది.

ప్రభుత్వంపై ప్రజల్లో అసంతృప్తి రగిలించడాన్ని నేరంగా పరిగణించే రాజద్రోహ నిబంధన, 124-ఎ సెక్షన్, 1870లో ఇందులో చేరింది. దీని కింద తిలక్, గాంధీలే కాక, 'స్వరాజ్య' పత్రికలోని రాతకు 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు కూడా జైలుపాలయ్యారు. హింసకు, శాంతిభద్రతల భంగానికి పురికొల్పే మాటలకే దీన్ని పరిమితం చేస్తూ 1962లో తీర్పునిచ్చిన సుప్రీంకోర్టు, 2022 మే 11న దీని అమలును నిలుపుదల చేసింది.

2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహం అన్న పేరు లేదు. అయితే దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు, సమగ్రతకు ముప్పు తెచ్చే చర్యలను శిక్షించే 152వ సెక్షన్, యావజ్జీవ శిక్షకు ప్రత్యామ్నాయంగా పాత చట్టంలో గరిష్ఠంగా మూడేళ్లున్న జైలును ఏడేళ్లకు పెంచింది.

మరోవైపు, కొత్త సంహితల్లో ఐదు వేల రూపాయల లోపు సొత్తును తొలిసారి దొంగిలించిన వ్యక్తి దాన్ని తిరిగి ఇచ్చేస్తే, జైలుకు బదులు జీతం లేని సమాజ సేవను శిక్షగా విధించడం, పోలీసు సోదాలను వీడియో తీయడాన్ని తప్పనిసరి చేయడం నిజంగా స్వాగతించదగిన మార్పులు.

పాలకుడి భద్రతకన్నా పౌరుడి హక్కుకు పెద్దపీట వేసినప్పుడే, విమర్శకూ విద్రోహానికీ మధ్య గీతను చట్టమే స్పష్టంగా గీసినప్పుడే ఈ సంస్కరణ సంపూర్ణమవుతుంది.