చల్లదనం తగ్గాక చెప్పండి!

పర్మిట్ రూముల్లో పాత అలవాటొకటి ఇంకా కనిపిస్తుంది. బీరు మూత తీయగానే సీసాను నీళ్ల గ్లాసులో తలకిందులుగా ముంచుతారు. సీసా మూతిలోంచి సన్నటి తీగలా ఏదో కిందికి దిగుతుంది. 'అదిగో, గ్లిజరిన్ పోయింది' అని తృప్తిగా తాగడం మొదలుపెడతారు. దిగింది గ్లిజరిన్ కాదు, బీరే. అది నీటికన్నా పిసరంత బరువు కాబట్టి కిందికి జారుతుంది, ఆ ఖాళీలోకి నీళ్లు ఎక్కుతాయి. డబ్బులు పెట్టి కొన్నది గ్లాసులో పారబోసి, కుళాయి నీళ్లు కలుపుకుని తాగుతున్నామన్నమాట!

బీరు గురించి మన దగ్గర వినిపించే ప్రశ్నలు రెండే. చల్లగా ఉందా? ఎక్కిందా? అదే మనిషిని కల్లు కాంపౌండులో కూర్చోబెట్టండి. ఈతదా తాటిదా, పోతుతాడుదా పండుతాడుదా, పొద్దున దింపిందా సాయంత్రానిదా అన్నీ ఒక్క గుక్కలో చెప్పేస్తాడు. నాలుక తెలియక కాదు, బీరు దగ్గర దానికి పని చెప్పకపోవడం వల్లే ఈ తేడా.

బీరు పోటీల్లో జడ్జీలు నాలుకకు ఆ పని ఎలా చెబుతారో చూడాలి. అమెరికాలో 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్ల పత్రం 50 మార్కులది. అందులో రుచికి 20, వాసనకు 12, మొత్తం మీద అభిప్రాయానికి 10, నోటికి తగిలే చిక్కదనానికీ బుడగల చురుక్కీ 5. ఇక బంగారు రంగు, తెల్లటి నురగ చూసి మనం మురిసిపోయే అందానికి దక్కేవి ముచ్చటగా 3! గ్లాసులో కొద్దిగానే పోసి, వెంటనే వాసన చూస్తారు. తేలికపాటి వాసనలు నిమిషాల్లో ఎగిరిపోతాయి మరి. తర్వాత గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుని కాస్త వెచ్చబరుస్తారు. మంచులా ఉన్న బీరు నాలుకను మొద్దుబారుస్తుంది. మంచిదీ చెడ్డదీ రెండూ దాగిపోతాయి. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు గానీ, బీరు జడ్జీలు ఓ చిన్న గుక్క మింగుతారు. హాప్స్ అనే పూల చేదు ఎలా ముగుస్తుందో గొంతు దిగాకే తెలుస్తుంది.

అలా వెచ్చబడిన గ్లాసులోంచి ఒక్కోసారి వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన గుప్పుమంటుంది. తాగేవాడికి బాగుందనిపించవచ్చు, జడ్జి మాత్రం మార్కులు కోసేస్తాడు. అది డయాసిటిల్. పులిసేటప్పుడు పుట్టే ఈ పదార్థాన్ని, కొన్ని రోజులు ఓపిక పడితే ఈస్టే మళ్లీ పీల్చేసుకుంటుంది. చాలా బీర్లలో వెన్న వాసన వచ్చిందంటే తరచూ తయారీదారు తొందరపడ్డాడని అర్థం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే సీసా పాతబడింది. పచ్చ సీసాలో బీరు ఎండకు ఉంటే కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా ఆ కాంతిని చాలావరకు ఆపుతుంది.

ఈ లెక్కన మన దగ్గర దొరికే మామూలు బీరు, అంటే లాగర్, చెడ్డదా? కాదు. బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ 1842లో ప్లజెన్ పట్టణంలో కాచిన బంగారు రంగు బీరు వంశంలోదే ఇదీ. కాకపోతే చేదు బాగా తగ్గించి, ఒళ్లు తేలిక చేసిన దూరపు మనవడు. తేలిగ్గా, శుభ్రంగా, దాహం తీర్చేలా ఉండటమే దాని లక్ష్యం. జడ్జి కూడా దాన్ని ఆ లక్ష్యంతోనే కొలవాలి. పైగా అందులో తప్పు దాచడానికి మామిడిపండూ లేదు, కాఫీ గింజా లేదు. ఏ ఊళ్లో కొన్నా ఒకే రుచి రావడమూ చిన్న విద్య కాదు. ఆ రుచికి మనం ఎంత అలవాటుపడ్డామంటే, 2025 జనవరిలో ఇలాంటి లాగర్లు కాచే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపుతున్నామనగానే ఎంత అలజడి రేగిందో చూశాం. స్ట్రాంగ్ బీర్ల మీద మాత్రం నాకు జాలి లేదు. ఆ తీపీ, గొంతులో మంటా రెండూ చల్లదనం వదలగానే బయటపడతాయి. అక్కడ అమ్ముడుపోయేది కిక్కు.

ఇక క్రాఫ్ట్ బీరు సంగతి. బీరు అక్కడే కాచి పోసే బ్రూపబ్ టాయిట్ బెంగళూరులో 2010లో తలుపులు తెరిచింది. తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌కూ ఆ ఊపు వచ్చింది. వీటిలో నేను ముందు అడిగేది గోధుమ బీరే. జర్మన్ పద్ధతి హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అరటి వేయరు, లవంగం వేయరు, రెండూ ఈస్ట్ చలవే. బెల్జియం విట్‌బీర్‌లో అయితే ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. మన నాలుకకు అది పరాయిదనిపించదు. ఈ రెండూ తాజాగా, మబ్బుగా ఉన్నప్పుడే బాగుంటాయి, అక్కడికక్కడే కాచే చోటుకు ఇవే నప్పుతాయి. లాగర్‌కు వారాల తరబడి చల్లటి ట్యాంకులో విశ్రాంతి కావాలి. వారాంతపు గిరాకీ తరుముతుంటే ఆ ట్యాంకును అన్నాళ్లు ఒక్క బీరుకే ఎవరు వదిలేస్తారు? అందుకే బ్రూపబ్ లాగర్ కన్నా 650 మిల్లీలీటర్ల సీసాలోదే మెరుగనిపించిన సాయంత్రాలు నాకు తక్కువేం కాదు. 'క్రాఫ్ట్' అన్న బోర్డుకు మార్కుల పత్రంలో గడి లేదు.

తాగే అలవాటున్నవాళ్లకే ఈ మాట. వైన్స్‌లో సీసా అందుకోగానే లేబుల్ మీద తయారీ తేదీ చూడండి. ఎండ పడే అరలోదైతే వెనక్కిచ్చేయండి. బ్రూపబ్‌లో పెద్ద గ్లాసు చెప్పేముందు ప్రతి రకం రుచికి కొద్దికొద్దిగా పోయమనండి. అడిగితే చాలాచోట్ల కాదనరు. కాదన్నచోట ఆ ధర పెట్టక్కర్లేదు.