ట్రాక్టర్ వెనక ట్రాలీ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ధాన్యం, చెరకు, ఇసుక, గడ్డి, ఏది కదలాలన్నా ట్రాక్టర్ ట్రాలీయే దిక్కు. 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ సొంత బరువు సుమారు 2 టన్నులు. 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేస్తే సరుకే నాలుగున్నర టన్నులవుతుంది, ట్రాలీ ఇనుము బరువు దానికి అదనం. తనకు రెండింతలు మించిన ఈ బరువును చిన్న గేరులో ట్రాక్టర్ తేలిగ్గానే లాగేస్తుంది. చిక్కంతా ఆపడం దగ్గరే. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు కాబట్టి మొత్తం భారాన్ని ట్రాక్టర్ వెనక చక్రాలే నిలబెట్టాలి. పైగా వేగం రెట్టింపైతే బండిని ఆపడానికి కావలసిన శక్తి నాలుగింతలవుతుంది.

ట్రాలీని వెనక ఇరుసు కంటే కిందుగా ఉండే హుక్కుకే తగిలించాలి. లాగుడు కింది నుంచి ఉంటే ముందు భాగం లేచే ప్రమాదం తక్కువ. బురదలో దిగబడిన ట్రాలీని లాగడానికి పైనుండే లింకుకో, ఇరుసు పైభాగానికో గొలుసు కట్టి, క్లచ్ ఒక్కసారిగా వదిలితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ట్రాక్టర్ వెనక్కి తిరగబడి డ్రైవర్ మీదే పడుతుంది. మళ్లీ క్లచ్ తొక్కేంత వ్యవధి కూడా దొరకదు. హుక్కులో దించే పిన్ను కంతకు సరిపడా లావుండాలి, దాని కింద క్లిప్పు పడాలి. క్లిప్పు లేకపోతే ట్రాలీ గుంతలో ఎగిరినప్పుడు పిన్ను పైకి వచ్చేస్తుంది. పిన్ను పోయిందని ఇనప కమ్మీ ముక్క దించి నడపడం పల్లెల్లో మామూలే గానీ, అది చాలా ప్రమాదం. పిన్ను ఊడినా ట్రాలీ విడిపోకుండా అదనంగా ఒక గొలుసు కట్టాలి.

రెండు చక్రాల ట్రాలీలో సరుకు ఎక్కడ పడిందన్నది ఎంత సరుకు పడిందన్నంత ముఖ్యం. ఎద్దుల బండి తోలినవాళ్లకు ముందు బరువు, వెనక బరువు అంటే తెలుసు. ఇక్కడా అదే లెక్క. బరువు ఇరుసుకు వెనక పడితే హుక్కును పైకి ఎత్తుతుంది, ట్రాక్టర్ వెనక చక్రాలకు నేల మీద పట్టు తగ్గిపోతుంది. మరీ ముందుకు పడితే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. సరుకును ఇరుసు మీదా, కాస్త ముందుకూ సర్దాలి.

ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్లు రెండుంటాయి. సాలు చివర ఇరుకులో తిప్పుకోవడానికి కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపే చిన్న ఇనప కొక్కెం వేయాలి. ఈ వేలెడంత ముక్కను వేయడం మరిచి, వేగంలో ఒక్క పెడలే తొక్కితే ట్రాక్టర్ ఆ పక్కకు గిర్రున తిరిగి బోల్తా పడుతుంది.

దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. గేరులో ఉన్నంతసేపూ ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఆ పట్టు పోతే వెనక నుంచి ట్రాలీ నెట్టుకొచ్చి ట్రాక్టర్‌ను పక్కకు మడిచేస్తుంది. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. దాన్ని దిగుడు మొదలవకముందే వేసుకోవాలి.

ట్రాలీ ఉన్నది సరుకుకే, మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. అంతకు రెండు నెలల ముందే నల్గొండ జిల్లాలో ఇలాంటి ప్రమాదమే తొమ్మిది మందిని బలిగొంది. ట్రాలీలో కూర్చునే సీటు లేదు, పట్టుకునే ఆసరా లేదు. అది ఒరిగితే అందరూ దాని కిందే పడతారు. తెల్లవారకముందే నాట్లకు బయల్దేరే కూలీలకు వేరే బండి దొరకకే ఇందులో ఎక్కుతారు. ఆ తప్పు వాళ్ల మీద వేయడం న్యాయం కాదు, పనికి పిలిచినవాళ్లే ఆటో మాట్లాడాలి.

చీకటి పడ్డాక వెనకొచ్చే వాహనానికి ట్రాలీ కనబడాలి. ఎర్ర లైట్ల వైరు ట్రాక్టర్‌కు తగిలించి, అవి వెలుగుతున్నాయో లేదో దిగి చూడాలి. గడ్డి, చెరకు వెనక్కి వేలాడితే లైట్లూ రిఫ్లెక్టర్లూ కప్పబడిపోతాయి, అప్పుడు సరుకు చివరన కూడా ఎర్రగా మెరిసేదేదైనా కట్టాలి. బండి చెడితే చక్రాలకు అడ్డం పెట్టిన రాళ్లను వెళ్లేటప్పుడు రోడ్డు మీద వదలకూడదు.

ట్రాలీ విప్పేది చదునైన చోట. చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, స్టాండు దించి, ఆ తర్వాతే పిన్ను తీయాలి. ట్రాక్టర్ వెనక్కి వస్తుంటే మధ్యలో ఎవరూ నిలబడకూడదు. వెనక బరువున్న ట్రాలీకి పిన్ను తీస్తే హుక్కుకు తగిలించే ముందు కడ్డీ (డ్రాబార్) ఒక్కసారిగా పైకి లేచి, పిన్ను తీసిన మనిషికే తగులుతుంది. అలాంటప్పుడు మొదట సరుకు దించి, తర్వాతే విప్పాలి.