బీరువాలో ఉన్న పూలకూజా

ఈ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాయాలేమో అనుకున్నాను. వాటి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. నేను డ్రాయింగ్ మాస్టారిని. అందుకని నాకు తెలిసిన ఒక చిన్న వస్తువు గురించి రాస్తాను. ప్రస్తుతం అది మన హాస్టల్ ఆఫీసు గదిలో, బీరువా పై అరలో, పాత పేపర్లలో చుట్టి ఉంది.

కిందటేడు వార్షికోత్సవానికి మా బ్యాచ్ వాళ్లం తలా కొంత వేసుకుని రీడింగ్ రూముకు ఒక పింగాణీ పూలకూజా ఇచ్చాం. ఫ్లవర్ వాజ్ అంటే అందరికీ తెలుస్తుంది. మాలో ఒకడు పుదుచ్చేరి వెళ్లినప్పుడు అక్కడ చేతితో చేసేవాళ్ల దగ్గర కొన్నాడు. అడుగు ఎత్తు, బూడిద కలిసిన తెలుపు రంగు, ఒక పక్కకు వంగిన మెడ, పొట్ట మీద ఒత్తినట్టు ఒక పల్లం. కాగితం విప్పగానే ఎనిమిదో తరగతి తమ్ముడొకడు, "అన్నా, ఇది సొట్టపోయింది. షాపువాడు మిమ్మల్ని మోసం చేశాడు" అన్నాడు. అందరం నవ్వాం. సభ అయిపోయాక పగులుతుందన్న భయంతో దాన్ని బీరువాలో పెట్టారు.

ఆ భయాన్ని నేను తప్పుపట్టను. మా రోజుల్లో క్యారమ్ బోర్డు, కొత్త వాలీబాల్ కూడా అదే బీరువాలో ఉండేవి. మంచి వస్తువంటే తాళం లోపల ఉండేది అని మేం కూడా అనుకునేవాళ్లం. కానీ ఆ తమ్ముడి మాటకు అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

సొట్ట కాదు, శిల్పం

మామూలు కూజా పని పూలను పట్టుకోవడం. చూపు పూల మీదికి పోతుంది, కూజా వెనక్కి తగ్గి ఉంటుంది. శిల్పంలా చేసిన కూజాలో చూడవలసింది కూజానే. చక్రం మీద గుండ్రంగా లేపిన తర్వాత మట్టి ఇంకా తడిగా ఉండగానే చేతితో ఒత్తుతారు, వంచుతారు, కోసి మళ్లీ అతుకుతారు. కొందరు చక్రమే వాడకుండా మట్టిని తాళ్లలా చేసి చుట్టలు చుట్టలుగా పేర్చి లేపుతారు. అందుకే అలాంటి కూజా ఒక్కో వైపు నుంచి ఒక్కో రకంగా కనిపిస్తుంది. దాన్ని చుట్టూ తిరిగి చూడాలి.

మట్టి ఆరితే గట్టిపడుతుంది, కానీ నీళ్లలో వేస్తే మళ్లీ మట్టే. కొలిమిలో వేడి 600 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే ఇక వెనక్కి రాదు. మన ఇళ్లలోని నీళ్లకుండ దాదాపు 1000 డిగ్రీల లోపే కాలుతుంది. దానిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిలోంచి ఊరిన నీరు ఆవిరవుతుంది కాబట్టే కుండనీళ్లు చల్లగా ఉంటాయి. ఆవకాయ జాడీ, మనం ఇచ్చిన కూజా వంటివి 1200 డిగ్రీలు దాటి కాలుతాయి. ఆ వేడికి మట్టి లోపల కొంత కరిగి రాయిలా బిగుస్తుంది. పైన మెరిసే పూత ఒక రకం గాజు.

ఇప్పుడు సొట్ట సంగతి. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో బిలాక్సీ అనే ఊళ్లో జార్జ్ ఓర్ అనే కుమ్మరి ఉండేవాడు. 1857లో పుట్టాడు. తండ్రి కమ్మరి. ఓర్ కూజాలను కాగితమంత పలచగా లేపి, మెలితిప్పి, నలిపి, మడతలు పెట్టేవాడు. జనం అతన్ని పిచ్చి కుమ్మరి అన్నారు. 1894లో ఊళ్లో అగ్నిప్రమాదం జరిగి అతని పనిశాల తగలబడింది. మాడిపోయిన కూజాలను కూడా అతను పారేయలేదు, కాలిన బిడ్డలని పిలుచుకుంటూ దాచుకున్నాడు. 1918లో చనిపోయాడు. వేలకొద్దీ కూజాలు సుమారు 50 ఏళ్లపాటు ఆ కుటుంబం దగ్గరే, చూసే దిక్కులేకుండా ఉండిపోయాయి. తర్వాత పాత వస్తువుల వ్యాపారి ఒకాయన వాటిని కొని బయటికి తెచ్చాడు. ఇప్పుడవి పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. బిలాక్సీలో అతని పేరుతోనే ఒక మ్యూజియం ఉంది. ఆ 50 ఏళ్లలో కూజాలు మారలేదు, చూసేవాళ్లే లేకపోయారు.

ఎక్కడ పెట్టాలి

మన రీడింగ్ రూములో కిటికీ పక్కన గోడలో దింపిన కడప బండ అర ఉంది. దానికన్నా మంచి చోటు లేదు. ఎందుకో చెబుతాను.

మొదటిది రంగు. వెనకాల తెల్ల సున్నం గోడ, కింద నల్ల బండ. రెండింటి మధ్య బూడిద రంగు వస్తువు స్పష్టంగా నిలబడుతుంది. వెనకాల క్యాలెండరో చార్టో ఉంటే కూజా ఆకారం దానిలో కలిసిపోతుంది.

రెండోది వెలుగు. పక్కనుంచి వచ్చే వెలుగులో వంపులకు నీడ పడుతుంది, పల్లం పల్లంగా కనిపిస్తుంది. నెత్తి మీద ట్యూబులైటు వెలుగు దాన్ని చదును చేసేస్తుంది. ఉదయం ఏడింటికి ఒకసారి, సాయంత్రం స్టడీ అవర్ ముందు ఒకసారి చూడండి. రెండు కూజాలు చూసినట్టు ఉంటుంది.

మూడోది ఖాళీ. అరలో ఉన్న షీల్డులు, కప్పులు, పాత గైడ్లు పక్కకు జరపాలి. కూజా ఎంత వెడల్పో కనీసం అంత చోటు అటూ ఇటూ వదలాలి. పది వస్తువుల మధ్య పెడితే అది పదకొండో సామాను అవుతుంది. ఒంటరిగా పెడితే అందరూ ఆగి చూస్తారు.

నాలుగోది భద్రత. కిటికీ రెక్క తగలని చోట, అర అంచుకు జానెడు లోపలికి పెట్టాలి. కింద పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే జారదు. అడుగున రెండు గుప్పెళ్ల కడిగి ఆరబెట్టిన ఇసుక పోస్తే బరువు కిందికి దిగి తేలిగ్గా ఒరగదు. ఎత్తేటప్పుడు మెడ పట్టుకోకూడదు, ఒక చెయ్యి అడుగున ఉండాలి.

ఏం పెట్టాలి

ఏమీ పెట్టకపోయినా లోటు లేదు. పెడితే ఒక్కటి చాలు. గుత్తులు గుత్తులుగా నింపితే మెడ వంపు మూసుకుపోతుంది. ప్లాస్టిక్ పూలు మాత్రం వద్దు. మన ఊళ్ల చుట్టూ ఏముందో చూడండి. చెరువు గట్టున రెల్లుపూలు, చేలో జొన్నకంకి, ఎండిన తామరకాయ, ఆకు రాలిన ఒక కొమ్మ. కొమ్మ పొడవు కూజా ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంటే సరిపోతుంది. మెడ ఎటు వంగిందో కొమ్మ కూడా అటే సాగనివ్వండి.

పచ్చి కొమ్మ పెట్టిన రోజున ఇసుక తీసి నీళ్లు పోయాలి. ఆ నీళ్లు రెండు రోజులకోసారి మార్చాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీటిలోనే. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. హాస్టల్లో ఒకరికి జ్వరమొస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఎండు కొమ్మలైతే ఆ బాధ లేదు.

ఇది మనకు కొత్తా?

కూజాను అందం కోసం పెట్టుకోవడం పట్నం షోకు అనుకునేవాళ్లున్నారు. దాదాపు 1800 ఏళ్ల కిందటి అమరావతి స్తూపం పలకల మీద గుండ్రని పొట్ట, అందులోంచి పైకి వచ్చే తామరపూలతో పూర్ణఘటం చెక్కి ఉంది. 2018లో ఆంధ్రప్రదేశ్ స్వీకరించిన రాజముద్ర మధ్యలో ఉన్నది ఆ పూర్ణఘటమే.

కూజా కొనడానికి డబ్బు కావాలంటారా? మన స్టోరు రూములో మూత పగిలిన పాత ఊరగాయ జాడీ ఒకటి ఉండేది. పైన గోధుమ రంగు, కింద మీగడ రంగు. ఇంకా ఉంటే బాగా కడిగి వరండా మూల పెట్టి రెల్లుపూలు ఉంచండి. కొన్నవాటికి అది ఏమాత్రం తీసిపోదు.

చివరగా ఒక మాట. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నా ట్రంకుపెట్టె మూత లోపలి వైపు ఒక క్యాలెండర్ బొమ్మ అంటించుకున్నాను. కొండ, కింద ఏరు. రోజూ పెట్టె తెరిచినప్పుడు ఒక్క నిమిషం కనిపించేది. మూత వేస్తే పోయేది. ఇల్లు అలంకరించుకోవడం ఇల్లున్నవాళ్ల పని అని అప్పట్లో నా లెక్క. ఏడాదికి పది నెలలు ఉండేది ఇక్కడే కదా, మరి ఇది ఇల్లు కాక ఏమిటి అని అప్పుడు నాకు తోచలేదు.

వార్డెన్ సారుకు నా మనవి ఒకటే. దయచేసి కూజాను బయట పెట్టించండి. వారానికో రూము వాళ్లు దాని బాధ్యత తీసుకుంటారు. దుమ్ము దులపడం, కొమ్మ మార్చడం వాళ్ల వంతు. పగలొచ్చు. పగిలితే పిల్లలను ఏమీ అనవద్దు, మా బ్యాచ్ వాళ్లం ఇంకొకటి తెస్తాం.

సొట్టపోయిందన్న తమ్ముడు ఇప్పుడు తొమ్మిదికి వచ్చి ఉంటాడు. మొదటి వారం వాడి రూముకే ఇవ్వండి. ఏ కొమ్మ పెట్టాడో వచ్చే వార్షికోత్సవానికి వచ్చినప్పుడు చూస్తాను.

– ఒక పూర్వ విద్యార్థి