బుడ్డోళ్లకి ఇంట్లోనే ఆన్‌లైన్ క్యాంపు: ఫోన్ ఎంతసేపు?

వేంసూరు నుంచి మాట్లాడుతున్నా. 2020 సెప్టెంబర్ 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి, గుర్తుందా? అవి మూడో తరగతి నుంచే. అంగన్‌వాడీ పిల్లలకి అందులో చోటు లేదు. వాళ్లు టీవీ ముందు కుదురుగా కూర్చోరు కూడా లెండి.

అందుకే ఈ వయసు క్యాంపు ముందు అమ్మానాన్నలకి. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి స్క్రీన్ రోజుకి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. నన్నడిగితే వీడియో పది నిమిషాలు చాలు. తర్వాత ఫోన్ పక్కన పెట్టి చింతగింజలు తియ్యండి. లెక్కపెట్టించండి, జతలు పెట్టించండి, వామనగుంటల్లో పంచించండి. నోట్లో పెట్టుకుంటారు, పక్కనే ఉండాలి సుమా!

మా వైపు పెద్దవాళ్లు పొద్దున్నే పామాయిల్, మామిడి తోటల్లో పనికి పోతారు. పదకొండింటికి లైవ్ పెడితే ఎవరు చూస్తారు? వీడియో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టండి, రాత్రి అన్నాలయ్యాక అందరూ కలిసి చూడొచ్చు.