ఓటీపీ చెప్పకపోయినా డబ్బు పోతుంది

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట బ్యాంకు గోడల మీద, పోలీసుల కరపత్రాల్లో ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాం. ఆ మాటలో తప్పు లేదు. కాకపోతే అది గొంతుతో మోసం చేసే రోజుల్లో పుట్టిన జాగ్రత్త. అవతల ఎవరో బ్యాంకు మేనేజరునని నమ్మించి అంకెలు అడగాలి, ఇవతల మనం చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతున్న 'పీఎం కిసాన్.ఏపీకే', 'ఆర్టీఓ చలాన్.ఏపీకే' లాంటి, యాప్‌ను ఫోన్‌లోకి ఎక్కించే ఫైళ్లకు ఓటీపీ ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఒకసారి ఫోన్‌లో కూర్చున్నాక మెసేజీలు అవే చదువుకుంటాయి. కాబట్టి నోరు కట్టుకుంటే సరిపోయే కాలం పోయింది. ఫోన్ సెట్టింగుల్లో ఒక గడియ ఉంది. అది వేసి ఉందో లేదో చూసుకోవడం ప్రతి ఇంట్లో అలవాటు కావాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ అవసరం మరీ ఎక్కువ. ఇక్కడి పల్లెల్లో సంపాదించే మనిషి చాలా ఇళ్లలో ఊళ్లో ఉండడు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో భవనాల పనిలో ఉంటాడు. తీరంలో మత్స్యకారులైతే గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి బోట్లు ఎక్కుతారు. డబ్బు ఫోన్‌లోనే ఇంటికొస్తుంది. ఆ ఫోన్ తల్లి చేతిలోనో, భార్య చేతిలోనో, బడికెళ్లే పిల్ల చేతిలోనో ఉంటుంది. డ్వాక్రా సంఘం గ్రూపు, బ్యాంకు మెసేజీలు, పథకాల కబుర్లు అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' వాట్సాప్ సేవ మొదలుపెట్టాక ప్రభుత్వ పని వాట్సాప్‌లో జరగడం కూడా మామూలైంది. అదే ఏడాది ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ తొలి విడత, పీఎం కిసాన్ రెండు వేలతో కలిపి 7,000 రూపాయలు రైతుల ఖాతాలకు విడుదలైంది. అలాంటి రోజుల్లో "జాబితాలో మీ పేరు చూసుకోండి" అంటూ ప్రభుత్వ ముద్రతో ఒక ఫైలు వస్తే తెరవకుండా ఉండటం కష్టం. తెరిచినవాళ్లను అత్యాశపరులని తిట్టడం అన్యాయం. రావాల్సిన డబ్బు ఆగిపోతుందేమోనన్న భయంతోనే తెరుస్తారు. పైగా చాలాసార్లు అది ముక్కూమొహం తెలియని నంబరు నుంచి రాదు. ముందే మోసపోయిన బంధువు వాట్సాప్ నుంచి, ఆయనకు తెలియకుండానే వస్తుంది. 'మన మిత్ర' అసలు నంబరు 95523 00009. అక్కడ పని చాటింగ్‌లోనే జరుగుతుంది, ఏపీకే ఫైలు వేసుకోవాల్సిన అవసరం లేదు.

ఆ ఫైలు మీద వేలు పెట్టిన తర్వాత ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడాలి. యాప్ వెంటనే ఎక్కిపోదు. ఫోన్ అడ్డుపడి, ఇక్కడి నుంచి వచ్చే తెలియని యాప్‌లకు అనుమతి లేదని చెప్పి, సెట్టింగ్స్ అనే బటన్ చూపిస్తుంది. అది నొక్కితే వాట్సాప్ పేరు, పక్కన ఒక మీట. ఆ మీట జరిపితే గడియ తీసినట్టే. మళ్లీ ఎవరో వేసేదాకా అది తెరిచే ఉంటుంది. ఎక్కిన యాప్ మెసేజీలు చదవడానికి, పంపడానికి అనుమతి అడుగుతుంది. ఆ తర్వాత నమోదు రుసుము ఒక్క రూపాయి అంటూ డెబిట్ కార్డు వివరాలు అడుగుతుంది. అసలు కీలకం ఇక్కడుంది. యూపీఐ పిన్ కొత్తగా పెట్టడానికి కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ కావాలి. మొదటి రెండూ మన చేత్తో మనమే నింపాం, మూడోదాన్ని యాప్ చదువుకుంటుంది. ఇంకొన్ని యాప్‌లు 'యాక్సెసిబిలిటీ' అనుమతి కోరతాయి. చూపు లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించడానికి పెట్టిన సదుపాయం అది. దుర్మార్గుడి చేతిలో పడితే తెరంతా చదివి, మన బదులు బటన్లు కూడా నొక్కుతుంది.

"మా కాతాలో ఏటుంది గనక, పోతే ఏటి పోద్ది?" అని అడిగేవాళ్లున్నారు. ఖాతా ఖాళీగా ఉన్నా ఫోన్‌లో చుట్టాల నంబర్లన్నీ ఉంటాయి. మన పేరు మీద వెళ్లిన ఫైలును వాళ్లు నమ్మి తెరుస్తారు. రేపు ధాన్యం డబ్బు పడేదీ ఆ ఖాతాలోనే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ప్లే స్టోర్‌లో ఉన్నవన్నీ మంచివేనా? కావు. రిజర్వు బ్యాంకు నియమించిన బృందం 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, రకరకాల యాప్ స్టోర్లలో కనిపించిన సుమారు 1,100 అప్పుల యాప్‌లలో 600 దాకా చట్టవిరుద్ధమైనవే. తెలుగు రాష్ట్రాల్లో వాటి వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అయితే స్టోర్‌లో ఉన్న యాప్‌ను నిలదీయడానికి ఒక చోటు ఉంటుంది. అప్పుల యాప్‌లు మన కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదని గూగుల్ 2023 మే 31 నుంచి నిషేధించగలిగింది అందుకే. వాట్సాప్‌లో వచ్చిన ఫైలుకు ఆ చోటు కూడా లేదు. ఇక, స్టోర్ బయట మంచి యాప్‌లు పెట్టే నిజాయితీపరులూ ఉన్నారు, గడియ పూర్తిగా వేస్తే వాళ్లకు నష్టం కదా అంటే, ఆ మాటలో నిజముంది. కానీ అవి కావాలనుకునేవారికి గడియ తీసి, పని కాగానే వేసుకోవడం తెలుసు. అమ్మ ఫోన్‌లో అది ఎప్పుడూ వేసే ఉండాలి.

ఒకప్పుడు ఫోన్ మొత్తానికి ఒకే మీట ఉండేది. 2017లో ఆండ్రాయిడ్ 8తో ఒక్కో యాప్‌కు విడివిడిగా వచ్చింది. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ దేనికది చూసుకోవాలి. 2022 నాటి ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి యాప్‌లకు యాక్సెసిబిలిటీ ఇవ్వడం కష్టతరం చేశారు. మెసేజీలు చదువుతామనే బయటి యాప్‌లను ఫోన్‌లోని గూగుల్ కాపలా 'ప్లే ప్రొటెక్టే' ఆపేసే ఏర్పాటును గూగుల్ 2024 అక్టోబరులో భారత్‌కు ప్రకటించింది. అన్న వాడి వదిలేసిన పాత ఫోన్ చెల్లెలికి వచ్చే ఇళ్లలో ఈ కొత్త కాపలాలన్నీ ఉండకపోవచ్చు. అలాంటి ఫోన్‌లోనే మీట చూడటం మరీ ముఖ్యం.

పొరపాటున అలాంటి యాప్ ఎక్కేస్తే మొదట చేయాల్సింది ఫోన్‌ను విమానం గుర్తు ఉన్న మోడ్‌లో పెట్టడం. నెట్, సిగ్నల్ ఆగితే మెసేజీలు బయటికి పోవు. వెంటనే ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. సిగ్గుపడి రేపటిదాకా ఆగితే నష్టం మనమీదే పడుతుంది. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, మన అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము బ్యాంకుకు తెలియజేసే వరకే మన నష్టం, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. ఆ తర్వాతే యాప్ తీసేసే పని. తీయబోతే తీయనివ్వకపోతే, ఫోన్‌ను పూర్తిగా చెరిపి కొత్తదానిలా మొదలుపెట్టుకోవడం మేలు.

మీట ఉండేది సెట్టింగ్స్, యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అన్న వరుసలో. కంపెనీని బట్టి పేర్లు కాస్త మారితే, సెట్టింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో 'అన్‌నోన్' అని కొడితే చాలు. సంక్రాంతికి ఊరొచ్చిన కొడుకు అమ్మ ఫోన్ తీసుకుని, ఆ జాబితాలో ప్రతి పేరు కింద అనుమతి లేదని ఉందో లేదో చూసి, ప్లే ప్రొటెక్ట్ పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ ఐదు నిమిషాలు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే, ఈసారి ఫోన్ అడ్డుపడినప్పుడు అది ఎందుకు అడ్డుపడిందో ఆవిడకూ తెలుస్తుంది.