సాంఘికశాస్త్ర బోధనలో సాంకేతిక పరిజ్ఞానం: ఉప్పెన పాఠం

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• సాంకేతిక ఉపకరణాన్ని ఏ సందర్భంలో వాడాలో వివరించగలుగుతారు.
• ఉపగ్రహ చిత్రం ఆధారంగా స్థానిక అంశంపై పాఠాన్ని రూపొందించగలుగుతారు.
• తెరపై కనిపించే సమాచారాన్ని సరిచూసే పద్ధతిని తెలుపగలుగుతారు.

1. పరిచయం

తరగతి గదిలో ప్రొజెక్టర్ ఉన్నంత మాత్రాన బోధన మెరుగుపడదు. పాఠ్యపుస్తకంలోని పేరానే తెరపై చూపి చదివిస్తే, నల్లబల్ల చేసే పనిని ఖరీదైన పరికరంతో చేయించినట్లవుతుంది. మామూలుగా కంటికి అందని దాన్ని చూపవలసి వచ్చినప్పుడే ఉపకరణం అవసరం. నది మొత్తం ఆకృతి, నేల వాలు, సముద్రంలో కదిలే తుఫాను ఇటువంటివే.

కృష్ణా జిల్లా గూడూరులో మీరు ఎనిమిదో తరగతికి విపత్తుల పాఠం చెబుతున్నారనుకోండి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో, అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించారు. విద్యార్థులు ఆ సంగతి ఇంట్లో వినే ఉంటారు. కానీ నీరు ఊళ్ల మీదికి అంత దూరం ఎలా వచ్చిందని అడిగితే చాలామంది చెప్పలేరు. పాఠాన్ని ఆ ప్రశ్నతోనే ప్రారంభించండి.

2. పాఠం నిర్వహణ

మొదటి దశ: గూగుల్ ఎర్త్‌లో గానీ, ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్‌లో గానీ డెల్టాను తెరవండి. ముందుగా గూడూరును, తరవాత మచిలీపట్నాన్ని గుర్తించమనండి. పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టడాన్ని విద్యార్థులే కనుక్కోవాలి. మీరు ముందుగా చెప్పవద్దు.

రెండో దశ: కంప్యూటర్‌లోని గూగుల్ ఎర్త్‌లో కర్సర్ ఉంచిన చోటు ఎత్తు తెర అడుగున కనిపిస్తుంది. నాగాయలంక నుంచి సముద్రం వరకు కొన్ని చోట్ల ఎత్తులను పట్టికలో రాయించండి. అవి కొద్ది మీటర్లే. 1977 ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. రెండు అంకెలనూ పక్కపక్కన రాస్తే జవాబు విద్యార్థులకే తడుతుంది.

మూడో దశ: ఆ అంకెలను అనుమానించడం నేర్పండి. ఉపగ్రహ ఆధారిత ఎత్తులలో కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చు. కొండ ప్రాంతంలో అది చిన్న విషయం. డెల్టాలో ఆ తేడా నేల ఎత్తుకే సమానం కావచ్చు. అందువల్ల నీరు ఎంతవరకు వచ్చిందో పెద్దలను అడిగి, పటంలో గుర్తించమనండి. వారి అనుమతితో మాటలను ఫోనులో రికార్డు చేయవచ్చు. అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలను మాత్రం బలవంతపెట్టరాదు.

3. పోల్చి చూడడం

1990 మే నెలలో దాదాపు అంతే తీవ్రమైన తుఫాను కృష్ణా డెల్టా తీరాన్ని తాకింది. ఆసారి మరణాలు సుమారు వెయ్యి. 1977లో హెచ్చరికలు తీర గ్రామాలన్నింటికీ సకాలంలో చేరలేదు. 1983లో ఇన్సాట్-1బి ప్రయోగం తరవాత మేఘాల కదలికను మన ఉపగ్రహమే చూపసాగింది. అయితే ప్రాణాలను కాపాడింది ఉపగ్రహం ఒక్కటే కాదు. హెచ్చరిక ముందుగా ఊరికి చేరింది, అధికారులు లక్షలాది మందిని తరలించారు, తలదాచుకోవడానికి తుఫాను షెల్టర్లు ఉన్నాయి. సమాచారం మనిషిని చేరి, అతడు దాన్ని నమ్మి కదిలినప్పుడే దానికి విలువ. ఈ పాఠం సారాంశం ఇదే. నేడు మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. ఆ శాఖ విడుదల చేసే తుఫాను మార్గ పటాన్ని చదవగల విద్యార్థి తన ఇంటివారికి ఉపయోగపడతాడు.

4. వసతులు లేనప్పుడు

ఇంటర్నెట్ అందని పాఠశాలలో ముందురోజే చిత్రాలను ఫోనులో భద్రపరచుకోండి. ఒకటి రెండు ప్రింట్లు తీసి జట్లకు పంచినా సరిపోతుంది. ప్రశ్న సరైనదైతే ఒక్క చిత్రంతోనూ పాఠం నడుస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. డెల్టాలో తెరపై కనిపించే ఎత్తులను ఎందుకు సరిచూడాలి?
2. 1977, 1990 తుఫానుల మరణాలలో తేడాకు మూడు కారణాలు రాయండి.
3. మీ ఊరి చెరువు లేదా కాలువపై ఇటువంటి పాఠానికి ప్రారంభ ప్రశ్నను తయారుచేయండి.