ఏ చిత్రిక కొనాలి?

వడ్రంగి బల్లకాలి కొనను నాలుకలా చెక్కి, పై చట్రంలో తొలిచిన బెజ్జంలోకి దూర్చడం మీరు చూసే ఉంటారు. నాలుక కాస్త లావైతే లోపలికి పోదు. సుత్తితో బాదితే చట్రం పగులుతుంది. మరీ సన్నబడితే బల్ల ఊగుతుంది. చెక్కేసిన కర్రను తిరిగి అతికించలేం కదా! అందుకే చివరి కాస్త మందాన్ని పొరలు పొరలుగా తీయాలి. ఆ పని చేసేదే చిత్రిక. హైదరాబాదులో దీన్ని రందా అంటారు.

బాగా పదునున్న చిత్రిక తీసే పొర మీ నోటుపుస్తకంలోని కాగితమంత, అంటే సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది. నాలుక అర మిల్లీమీటరు లావుగా ఉంటే 5 పొరలు తీస్తే చాలు.

ఇది ఎలా సాధ్యం?

బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని చదువుకున్నారు. ఉలి అంచు ఎంత సన్నగా ఉంటే పీడనం అంత ఎక్కువ. కర్ర అంత తేలిగ్గా తెగుతుంది. కాని ఉలి ఒక్కటే అయితే లోతుకు దిగిపోతుంది. చిత్రిక అడుగుభాగం దాన్ని ఆపుతుంది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయిన పాంపే నగరంలో కూడా ఇనుప అడుగున్న చిత్రికలు దొరికాయి. అంటే పదునైన ఉలి, చదునైన అడుగు – ఈ రెండే ఆనాటి నుంచీ చిత్రికకు ప్రాణం.

ఎంత పొడవుండాలి?

పొడవాటి చిత్రిక పల్లాల మీదుగా దాటిపోయి మిట్టలను మాత్రమే కోస్తుంది. కాబట్టి పెద్ద పలకలకు అదే మేలు. అతుకుల దగ్గర కోయవలసింది కొద్ది సెంటీమీటర్లే. అందుకు అరచేతిలో ఇమిడే 15–17 సెంటీమీటర్ల ఇనుప చిత్రిక చాలు. దుకాణంలో బ్లాక్ ప్లేన్ అని అడగండి. సాధారణ రకంలో ఉలి 20 డిగ్రీల వాలుతో, సానపట్టిన ముఖం పైకి ఉండేలా పడుకుంటుంది. సానకోణం 25 డిగ్రీలైతే కోతకోణం 45 డిగ్రీలు. మరో రకంలో వాలు 12 డిగ్రీలే. కోతకోణం 37 డిగ్రీలు. కర్రను అడ్డంగా కోసిన ముఖం గడ్డిపరకల కట్టను అడ్డంగా కోసినట్లుంటుంది. దానిపై తక్కువ కోణమే సులువు. అయితే అంచు నుంచి మధ్యకు తోయండి. బయటికి తోస్తే అవతలి అంచు చీలిపోతుంది. నాలుక మొదట్లోని మూలకు ఈ చిత్రిక ఉలి అందదు. అక్కడ మామూలు ఉలి వాడాలి.

తక్కువ ధరలో మంచిది ఎలా?

పంజాగుట్టలో మెట్రో ఎక్కి, అమీర్‌పేట దాటి ఎర్రగడ్డలో దిగితే, ఆదివారం సంతలో పాత పనిముట్లు కనిపిస్తాయి. పైపై తుప్పుకు భయపడకండి, అది రుద్దితే పోతుంది. పగులు ఉంటే మాత్రం వద్దు. ఉలి అరిగి పొట్టిగా మిగిలిందేమో చూడండి. అడుగున స్టీలు స్కేలును నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సందులోంచి వెలుగు కనబడితే అక్కడ పల్లమన్నమాట. కొద్దిపాటి పల్లమైతే మందపాటి గాజుపలకపై ఎమరీ కాగితం పరచి, ఉలిని పైకి లాగి, అడుగును రుద్ది సరిచేయవచ్చు. ఖరీదైన చిత్రికైనా మొద్దుబారితే పనికిరాదు. కాబట్టి మిగిలిన డబ్బుతో మంచి సానరాయి కొనండి. పదును పెట్టేటప్పుడు పెద్దవారిని దగ్గర ఉంచుకోండి.

వానాకాలంలో జాగ్రత్త

కర్ర గాలిలోని తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. పొడవులో మార్పు దాదాపు ఉండదు. ఆగస్టులో తలుపు బిగిసిందని ఎక్కువగా చిత్రిక పట్టారనుకోండి, ఏప్రిల్ ఎండలకు కర్ర కుంచించుకుని సందు పడుతుంది. కాబట్టి వానల్లో అవసరమైనంతే తీయండి.

చేసి చూడండి

ఒక పాత పలక వెడల్పును, పొడవును ఆగస్టులో కొలిచి రాసిపెట్టండి. ఏప్రిల్‌లో మళ్ళీ అదే చోట కొలవండి. ఏది ఎక్కువ మారింది? ఎందుకో మీ తరగతిలో చర్చించండి.